చెనిక్కాయ అంచుకు మేడం కొట్టిన ఊఁ

నిన్న పొద్దున హిందూపురంలో, పొయ్యిమీద పప్పు పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. ముందు మగ్గం చప్పుడు వచ్చింది. ఎవరో దగ్గారు. ఒక మేక అరిచింది. వాటన్నిటి అడుగు నుంచి "ఊఁ" అని ఒక గొంతు పలికింది. అంతే, పప్పు మాడిపోయింది. మా ఆవిడ నన్నూ ఆ పప్పునూ ఒకే చూపుతో చూసింది. ఆ గొంతు మా సరోజ మేడంది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

సమాజం మీద పరిశోధన చేసేవాళ్ళ కోసం ఇప్పుడు ఇంటర్నెట్‌లో గొంతుల భాండాగారాలు వచ్చాయి. నేతగాళ్ళు, గొర్రెల కాపరులు, కూలికి బెంగుళూరు పోయినవాళ్ళు తమ బతుకుల గురించి చెప్పిన మాటలు వాటిలో ఉంటాయి. "పట్టు" అని టైపు చేస్తే చాలు, ఆ మాట పలికిన చోటికే తీసుకుపోయి వినిపిస్తాయి. కింద అక్షరాల్లోనూ చూపిస్తాయి. మా కాలంలో ఒక్క పాత నివేదిక కావాలంటే అనంతపురం బస్సెక్కాలి. అక్కడ బీరువా ఉండేది, తాళంచెవి ఉన్న మనిషి ఉండేవాడు కాదు. మేనమామ కూతురి పెళ్ళికి పోయి ఉండేవాడు. నా పరిశోధన పూర్తయ్యేలోగా ఆ పిల్ల పిల్లలు బడికి కూడా పోయారు.

మా ప్రాంతం గొంతుల్ని అలాంటి ఒక భాండాగారంలో చేర్చింది సరోజ మేడమే. పెనుకొండలో కాఫీ హోటలు మీది రెండు గదులే ఆమె నడిపిన మా పరిశోధన ఆఫీసు. ఎండాకాలంలో ఆ గదుల్లో కూర్చుంటే, కింద హోటలువాళ్ళు దోసెలకు విడిగా పొయ్యి ఎందుకు వెలిగిస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు. నేను చేరిన రోజే మేడం నా చేతిలో రికార్డరు పెట్టారు.

"ప్రశ్నలు ఎవరైనా అడుగుతారప్పా. నువ్వు ఊఁ కొట్టు. ఊఁ కొట్టేవాళ్ళు లేకుంటే మా అవ్వ కథే చెప్పేది కాదు."

"ఇంత చదువు చదివింది ఊఁ కొట్టేదానికా మేడం?"

"అది వచ్చిననాడు నీ జీతం పెంచుతా."

చాలాకాలం పెరగలేదు.

ఆమెకు ఇంకో పట్టుదల ఉండేది. ఏ మాటనైనా లోకానికి వినిపించే ముందు, చెప్పిన మనిషి ఇంటికే పోయి, వాళ్ళ అరుగుమీద కూర్చుని, మొదటి నుంచీ వాళ్ళకు వినిపించాలి. రామగిరి దగ్గర ఒక గొర్రెల కాపరి తన గొంతు తానే విని, "ఎవడప్పా వీడు, ఇన్ని అబద్ధాలు చెప్తాండాడు?" అని సగం తీయించేశాడు. మేడం కిక్కురుమనకుండా తీసేశారు.

ధర్మవరం నాగమ్మ దగ్గర మాత్రం నేను అడ్డం పడ్డాను. షావుకారు ఇచ్చే పట్టుతో నాగమ్మ కూలికి చీరలు నేసేది. పీకిన చెనిక్కాయ చెట్టును, అదే వేరుశనగను, వేలాడే కాయలతో సహా చీర అంచులో పుట్టించింది ఆమె. ఆ అంచుకు పేరొచ్చింది. వేదికెక్కి, "ఇది నా ఊహే" అని శాలువా కప్పించుకున్నది షావుకారు. ఆ శాలువా బరువుకు ఆయన మెడ ఇంకా నిటారు కాలేదని ధర్మవరమంతా చెప్పుకుంటుంది. ధర్మవరమంతా అంటే నేనే. ఈ సంగతంతా నాగమ్మ మా రికార్డరుకు చెప్పింది.

తిరిగి వినిపించినప్పుడు, వింటూ వింటూ ఆమె నేత ఆపేసింది.

"అమ్మా, ఇది షావుకారు వింటాడా?"

"ఫోనుండే వాళ్ళెవరైనా వింటారు నాగమ్మా."

"వింటే రేపట్నుంచి నాకు పట్టు ఇయ్యడు. బిడ్డ కాలేజీలో చదువుతాండాది."

నేను ఉండబట్టలేకపోయాను. "పేరు మార్చి పెడదాం మేడం. ఇంత మంచి మాట మళ్ళీ యాడ దొరుకుతుంది?"

"పేరు మారిస్తే అంచు ఎవరిదైతాదప్పా?" అన్నారు మేడం. తర్వాత నాగమ్మ వైపు తిరిగారు. "తీసేద్దామా?"

నాగమ్మ మగ్గం మీది పోగుల్ని వేలితో సర్దింది. "తీసేయొద్దు. ఆ అంచు నాదే. నేను చెప్పేదాకా మూసిపెట్టండి."

"ఊఁ" అన్నారు మేడం.

ఆ భాండాగారంలో అలాంటి వీలుంది. మాటను లోపలే ఉంచి, తెరిచే అధికారం ఒక్కరికే ఇవ్వవచ్చు. ఆ మాటలు లేక మా నివేదిక ఉప్పులేని సంగటి అయింది. ఎక్కడెక్కడి పరిశోధకులో ఆ అంచు సంగతి అడిగారు. మేడం చెప్పలేదు. జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ అధికారం నా పేరుకు మార్పించారు.

"నాగమ్మ అడిగితేనే తెరువప్పా. ఎంత పెద్దోళ్ళు అడిగినా వద్దు. నీ మనసు అడిగినా వద్దు."

నా మనసు రోజూ అడిగేది. దానికి సిగ్గు లేదు.

మొన్న ఫోను మోగింది.

"ఏమప్పా, బాగుండావా? నేను ధర్మవరం నాగమ్మను. బిడ్డకు బెంగుళూరులో ఉద్యోగమొచ్చింది. షావుకారు పట్టు మానేసి సొంతంగా నేస్తాండా. ఇంక తెరువు."

"నీ పేరే పెట్టేదా అక్కా?"

"లేకుంటే నీ పేరు పెట్టుకుంటావా, ఇంకో షావుకారు మాదిరి?"

అందుకే నిన్న ఆ హెడ్‌ఫోను, ఆ మాడిన పప్పు. ఆ వాసనతోనే ధర్మవరం రైలెక్కాను. తెరిచేముందు ఆమెకే ఇంకోసారి వినిపించాలి కదా. సొంత మగ్గం పక్కన కూర్చుని నాగమ్మ అంతా వింది. ఒక్క మాట తీయించలేదు. ఆమె ఎదుటే తెరిచాను. ఆమె ఫోనులోనే "చెనిక్కాయ" అని టైపు చేస్తే, ఆమె గొంతే పలికింది. మేడం ఊఁ కొట్టిన చోట నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"ఆయమ్మ ఉండింటే ఇంకో మాట చెప్పేదాన్ని."

నా నాలుక చివర ప్రశ్నలు పశువుల సంతలో జనంలా తోసుకున్నాయి. వాటన్నిటినీ మింగి, రికార్డరు నొక్కాను.

"ఊఁ" అన్నాను.

నాగమ్మ మొదలుపెట్టింది.