లైటు ఆర్పుకున్న మనిషి

జమున తండ్రి పోశం బొగ్గుబాయిలో పనిచేస్తుండగా పైకప్పు కూలింది. వెతకబోయినవాళ్లు మొదట ఆయన పక్క నుంచే పోయారు. చూడలేదు. మళ్లీ వెళ్లినప్పుడు గోడకు ఆనుకుని, మొహం మీద తడి తువ్వాలుతో కనిపించాడు. అప్పటికే ప్రాణం లేదు. ఛార్జింగు మిగలాలని టోపీ లైటు ఆర్పుకున్నాడు.

ఇంటర్ మధ్యలో ఆగిపోయిన జమున డీటీపీ నేర్చుకుని, గోదావరిఖనిలో ఒక చిన్న ఆఫీసులో చేరింది. కూలిన బాయిలోకి పాకుతూ వెళ్లి మనుషులను వెతికే యంత్రాన్ని అక్కడ తయారుచేస్తున్నారు. నిజమైన బాయిలోకి దించే ముందు దాని చూపును కంప్యూటర్లో పరీక్షించాలి. ఫోటోలు అతికించి అచ్చం బాయిలాంటి సొరంగాలు చేయడం, ధూళి, నీటి చుక్కలు కెమెరాకు ఎట్లా కనిపిస్తాయో అట్లాగే అద్దడం, అక్కడక్కడా మనుషులను పెట్టడం జమున పని. యంత్రం మనిషిని గుర్తుపడితే చుట్టూ పచ్చగీత పడుతుంది.

ఈ యంత్రం కన్నయినా తండ్రిని చూడాలని జమున ఆశ. ఆయన కూర్చున్నట్టే ఒక మనిషిని పెట్టింది. యంత్రం పక్క నుంచే పోయింది.

"ఇదేంటమ్మా, బొగ్గుకుప్పకి తువ్వాలు కప్పావా?" నవ్వాడు ఇంజనీరు జయకృష్ణ.

"మనిషే సార్. చిక్కుకుంటె లైటు ఆర్పుకుంటరు. మా బాపు గట్లనే కూసున్నడు."

జయకృష్ణ ఇంక నవ్వలేదు. చీకట్లో మనిషిని చూడటం యంత్రానికి నేర్పాలని చాలా తంటాలు పడ్డాడు. అది ప్రతి బొగ్గుకుప్ప చుట్టూ పచ్చగీత గీయసాగింది.

"ఇగ బొగ్గుకుప్పలకు గూడ హాజరు మస్టర్లు వెయ్యాలె సార్," అన్నాడు పక్క కంప్యూటర్ దగ్గరి కొమురెల్లి. ఎవరూ నవ్వకపోయేసరికి, "నీ బాపు సంగతి యాదికి లేదు చెల్లె," అని తల దించుకున్నాడు.

పెద్ద ఆఫీసర్లు చూడటానికి వచ్చే రోజు పొద్దున జయకృష్ణ ఆమె కుర్చీ దగ్గరికొచ్చాడు. యంత్రాన్ని, లైటును బట్టి మనిషిని గుర్తుపట్టే పాత పద్ధతికే మార్చేశానన్నాడు.

"ఆ మనిషిని తీసెయ్యి, లేదంటే లైటు వెలిగించు. ఇవాళ పరీక్ష తప్పితే యంత్రమే ఉండదు."

"బాయిల చిక్కుకుంటె లైటు అన్ని దినాలు ఉండది సార్."

"తెలుసమ్మా."

తీసేయడానికి చెయ్యి రాలేదు. వెలిగించింది.

అందరి ముందూ యంత్రం వెలుగు వైపు తిరిగింది. పోశం చుట్టూ పచ్చగీత పడింది. ఒక్కరిని కూడా వదల్లేదని ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత జమున ఎన్నో సొరంగాలు చేసింది. అన్నిట్లోనూ అందరి నెత్తిన లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.