మెత్తబడిన చిరతలు

పోయిన ఆదివారం మా హాలుకు మందపాటి కర్టెన్లు తగిలించాక, రేడియోలో వస్తున్న వయొలిన్ ఒక్కసారిగా మెత్తబడింది. మా ఆవిడ "హమ్మయ్య, ఇప్పుడు బాగుంది" అంది. నాకు మాత్రం ఆ మెత్తదనం రుచించలేదు. విజయవాడలో మా అక్కయ్యవాళ్ల ఫ్లాటు, అందులో గోడవారగా నిలబడ్డ రెండు పొడవాటి స్పీకర్లు, వాటికెదురుగా చేతులు కట్టుకుని కూర్చున్న మా బావగారు గుర్తుకొచ్చారు.

బావగారు హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా యంత్రాల హోరులోనే గడిచినందువల్ల ఆయనతో ఎవరైనా గొంతు పెంచే మాట్లాడాలి. దాన్ని మా బంధువుల్లో "మిల్లు చెవి" అనేవారు. పెళ్లి భోజనాల్లో ఆయన పక్కన కూర్చుని రహస్యం చెబితే వంటవాళ్లకు కూడా తెలుస్తుందని వేళాకోళం చేసేవాళ్లం. అందరికన్నా ముందు ఆయనే నవ్వేవారు. ఆయనకున్న ఒక్కగానొక్క సరదా హరికథలు. పాత క్యాసెట్లన్నింటినీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, రిటైరయ్యాక వాటికోసమే ఆ స్టీరియో కొనుక్కున్నారు. కథ ఏదైనా ఆయన ఎదురుచూసేది ఒక్క చోటుకే: హరిదాసు చేతిలోని చిరతలు, కాలి గజ్జెలు కలిసి మోగే చోటు. అక్కడ కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేసేవారు.

చిక్కంతా ఆ ఫ్లాటుతో వచ్చింది. నున్నని టైల్సు, అద్దాల షోకేసు, బోడి గోడలు. చిరత మోగితే చాలు, గది నాలుగు మూలలా కొట్టుకుని చెవిలోకి దూసుకొచ్చేది. అక్కయ్య నాకు ఫోను చేసింది. "ఒరేయ్, నువ్వన్నా చెప్పరా మీ బావకి! సూదులు పెట్టి పొడుస్తున్నట్టుంది. సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోతోంది." వెళ్లి విన్నాను. నిజమే, పళ్లు జివ్వుమన్నాయి. బావగారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. "ఏమోయ్ బావమరిదీ, మీ అక్కాతమ్ముళ్ల చెవులు ఒకే అచ్చులో పోశాడేమిటోయ్ దేవుడు? నాకు కమ్మగానే ఉందే!"

ఏ పనైనా పద్ధతి ప్రకారం చేసి, తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. వెళ్లినప్పుడల్లా ఒక్కొక్క మార్పు చేశాను. ట్రెబుల్ తగ్గించాను, స్పీకర్ల మొహాలు సోఫా వైపు నుంచి పక్కకు తిప్పాను, నేల మీద జంపఖానా పరిపించాను. ప్రతి మార్పు తర్వాతా అక్కయ్య చెప్పిన మాట, నాకు తోచిన మాట రాసుకునేవాణ్ణి. ఆ పట్టికలో బావగారి చెవికి గడి లేదు. చివరికి సన్నని శబ్దాలు పలికే ట్వీటర్ల మీద దళసరి ఫెల్టు గుడ్డ కత్తిరించి అతికించాను. అక్కయ్య "ప్రాణం లేచొచ్చిందిరా" అంది. బావగారు ముందుకు వంగి చాలాసేపు విన్నారు. "బాగుందిలేవోయ్. మీ అక్కకు తలనొప్పి లేకపోతే అదే చాలు" అన్నారు. తాళం వేయలేదని అప్పుడు గమనించలేదు. రానురాను స్టీరియో పెట్టడం మానేశారు. హరికథలంటే మొహం మొత్తిందేమో అనుకున్నాం.

కొన్నేళ్లకు మాటలు కూడా సరిగా అందక, చెవి డాక్టరుకు చూపించాం. పరీక్ష చేసిన డాక్టరు, కాగితం మీద మెట్లు దిగుతున్నట్టున్న వినికిడి గీతను మా ముందు పెట్టారు. "సన్నని శబ్దాలు ఈయనకు ఎప్పుడో తగ్గిపోయాయండీ. మిల్లుల్లో చేసినవాళ్లకు మామూలే. మనకు చెవులు చిల్లులు పడేంత ఉంటేనే, ఈయనకు కాస్త తెలిసేది. ఇప్పుడు అదీ కష్టమే. మిషను పెడితే మాటలకు పనికొస్తుంది గాని, సంగీతానికి హామీ ఇవ్వలేను."

మిల్లు చెవి అంటే గొంతు పెంచితే సరిపోతుందనుకున్న ఇంట్లో, ఆ చెవికి కొన్ని శబ్దాలే అందవన్న ఊహ ఎవరికీ రాలేదు. మమ్మల్ని పొడిచిన సూదులే ఆయనకు చిరతలు. కారులో అక్కయ్య ఉండబట్టలేకపోయింది. "వినపడటం లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?"

"మీరిద్దరూ ఒకటే మాట అంటుంటే, తేడా నా చెవుల్లోనే ఉందని నాకు తెలీదా? నీకు తలపోటు తెప్పించి నేను కథ వినాలా ఏం?"

ఇంటికి రాగానే గుడ్డలు ఊడబీకాను. అక్కయ్య చెవుల్లో దూది పెట్టుకుని, ట్రెబుల్ చివరిదాకా తిప్పింది. హరిదాసు అందుకున్నాడు. ఆ హోరుకు షోకేసు అద్దాలు కూడా అదిరాయి. అక్కయ్య ఆయన మొహంలోకి వంగి అడిగింది: "వినపడుతున్నాయా?"

"ఆఁ ఆఁ, గణగణలాడుతున్నాయి" అని బావగారు కళ్లు మూసుకుని తొడ మీద తాళం అందుకున్నారు. అప్పటికే చిరతలు ఆగిపోయాయి. హరిదాసు వట్టి మాటల్లో కథ చెబుతున్నాడు. అక్కయ్య నా వైపు చూసింది. ఆయన తాళం మాత్రం తప్పలేదు.

గుడ్డలు తీయడానికి నిమిషం పట్టలేదు; అవి అంటుకుని ఉన్నన్నాళ్లూ ఆయన దాకా రాకుండా పోయిన చిరతలు ఎటు పోయాయో, ఆ కాలమూ అటే పోయింది.