అరవై మూడు తాళాలు వేసి పెళ్ళికి వెళ్ళాను

ఒక డిజైన్ ఆఫీసును పూటంతా పడుకోబెట్టడానికి సమ్మె అక్కర్లేదు, వరద అక్కర్లేదు, కరెంటు పోవాల్సిన పని కూడా లేదు. పలాస దగ్గర ఒక పెళ్ళీ, నాలాంటి తెలివైన పిల్లా ఉంటే సరిపోతుంది. ఆ రోజు మా ఆఫీసులో పని ఆగింది, మా ఇంట్లో బీరువా విరిగింది, పెళ్ళిపందిట్లో నా పరువు పోయింది. మూడూ ఒక్క పొద్దులోనే అయిపోయాయి. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను, అప్పుడు మాత్రం ఏడ్చాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు మాది. నాన్న ఆ పక్కనే టాటానగర్ రైల్వే యార్డులో సిగ్నళ్ళు చూసే కేబిన్ మేన్. నేను ఆదిత్యపూర్‌లో సరుకు మోసే బెల్టు యంత్రాలు, అంటే కన్వేయర్లు, తయారుచేసే ఒక కంపెనీలో డిజైన్ ఇంజినీరుని. టీములో ఆరుగురం. మా పెద్ద మిశ్రాజీ. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. అందరిలోకీ సీనియర్ అప్పలస్వామి గారు. సిద్ధగోరా నుంచి స్కూటరు మీద వచ్చేవారు. బోర్డు మీద కాగితం అంటించి పెన్సిలుతో గీసే రోజుల మనిషి. ఆయన్ని అందరం మాస్టారూ అనేవాళ్ళం.

మా డ్రాయింగులన్నీ కంప్యూటర్లోనే ఉండేవి. ఒక యంత్రంలో ఎన్ని భాగాలుంటే అన్ని ఫైళ్ళు. అవన్నీ అందరికీ అందుబాటులో ఒకచోట ఉండేవి. లైబ్రరీ అనుకోండి. ఒక భాగం మీద పనిచెయ్యాలంటే దాన్ని మన పేరున చెక్‌అవుట్ చేసుకోవాలి. అది మన దగ్గర ఉన్నంతసేపూ మిగతావాళ్ళు పాత కాపీ చూడగలరు గాని గీత మార్చలేరు. పని అయ్యాక చెకిన్ చేసి తిరిగి పెట్టెయ్యాలి. అప్పుడే మనం చేసిన కొత్త పని అందరికీ కనిపిస్తుంది. అంతవరకూ అది మన కంప్యూటర్లోనే ఉంటుంది. ఇంతే పద్ధతి. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. నాకూ అర్థమైంది, కాకపోతే కాస్త ఎక్కువగా అర్థమైంది.

దానికి కారణం సౌరవ్. నా పక్క సీటు కుర్రాడు, మంచివాడు, కాని చేతికి స్థిమితం లేదు. ఒకరోజు నేను భోజనం చేసి వచ్చేసరికి నా గేర్‌బాక్స్ ప్లేటులో బోల్టు రంధ్రాలు చోటు మారి ఉన్నాయి.

"ఇదేమిటి సౌరవ్?" అన్నాను.

"సిర్ఫ్ దో మిల్లీమీటర్ ఖిస్‌కాయా," అన్నాడు హిందీలో, తన వైపు మోటారు పట్టడం లేదని, రెండు మిల్లీమీటర్లు జరిపితే ఎవరి సొమ్ము పోయిందన్నట్టు.

ఆ రోజు నాలో కొత్త మనిషి పుట్టింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి గేర్‌బాక్స్ ప్లేటు నా పేరున చెక్‌అవుట్ చేసుకున్నాను. దాని పక్క భాగం ఎవరైనా కదిపితే ఇది కదులుతుంది కదా అని పక్కదీ తీసుకున్నాను. దాని పక్కదానికీ ఒక పక్కది ఉంటుంది కదా. వారం తిరిగేసరికి ఆ కన్వేయర్ను తిప్పే డ్రైవులో ఉన్న అరవై మూడు భాగాలూ నావే. కోడిపెట్ట పిల్లల్ని రెక్కల కింద పెట్టుకున్నట్టు పెట్టుకున్నాను. సౌరవ్ ఏదైనా తెరవబోతే తెర మీద నా పేరు, తాళం బొమ్మ వచ్చేవి. అది చూసి అతను మూలిగితే నాకు ఎంతో హాయిగా ఉండేది.

ఇలా మూడు వారాలు గడిచాయి. అప్పుడు మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. నాన్నకు డ్యూటీ, అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఇంటి తరఫున నన్ను పంపారు. డ్రాయింగులు వర్క్‌షాపుకు ఇవ్వాల్సింది సోమవారం. నేను ఆదివారానికే వచ్చేస్తాను. కాబట్టి ఏ ఫైలూ తిరిగి పెట్టకుండా, కంప్యూటరు మూసి, గురువారం బండెక్కాను.

శుక్రవారం పొద్దున్న కస్టమర్ తొందరపెట్టాడు. ప్లేట్లు కోసే మెషీను వర్క్‌షాపువాళ్ళు మాకు ఆ సాయంత్రం నాలుగింటికి ఇచ్చారు. ఆ సమయం తప్పితే మళ్ళీ పది రోజులు ఆగాలి. మిశ్రాజీ డ్రాయింగులు తెరవబోతే ఒకటి తర్వాత ఒకటి నా పేరే. ఆయన తన అధికారంతో ఆ తాళాలు తియ్యగలరు. కాని అలా తీస్తే మూడు వారాలుగా నా కంప్యూటర్లో ఉన్న పనంతా పోయి, పాత కాపీ ఒక్కటే మిగులుతుంది. నా కంప్యూటరు పాస్‌వర్డ్ అడుగుదామని నాకు ఫోను చేశారు. మా మేనమామ ఊళ్ళో నా ఫోనుకు సిగ్నలు లేదు. చివరికి మాస్టారు స్కూటరు తీశారు.

మా ఇంట్లో తర్వాత జరిగింది నేను చూడలేదు. అమ్మ ఒకలా చెప్పింది, మాస్టారు ఒకలా చెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్నంత మేరకు రాస్తున్నాను.

"రాజీ ఉందేటమ్మా?" అని అడిగారట మాస్టారు.

"నేదు బాబూ, పలాస ఎల్లింది. ఏటయ్యింది?"

"ఫైళ్ళన్నీ లాక్ చేసీసి ఎల్లిపోనాదమ్మా. ఆపీసులో పనంతా ఆగిపోయింది. ఎవులికీ తెరవడం అవ్వట్లేదు."

అమ్మ కంపెనీ కాగితాలు కూతురు ఇంటికి తెచ్చి దాచేసిందనుకుంది. ఇంట్లో తాళం వేసి ఉన్నది ఒక్కటే, నా ఇనప బీరువా. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో పలాసలో ఉంది. అమ్మ వంటింట్లోంచి రోకలి తెచ్చింది. మోకాళ్ళ నొప్పి ఆ సమయానికి ఎక్కడికి పోయిందో తెలియదు. నాలుగు దెబ్బలకు తలుపు ఊడింది. లోపలి నుంచి గ్యాసు పుస్తకం, నాన్న సర్వీసు కాగితాలు, నా సర్టిఫికెట్లు వచ్చాయి. వాటి కింద, ఎక్కడో పోయిందని నేను ఇంట్లో చెప్పిన మూడో సెమిస్టర్ మార్కుల కాగితం కూడా వచ్చింది. దాని గురించి అమ్మ తర్వాత విడిగా మాట్లాడింది. ఇక్కడ అనవసరం.

"ఇందులో ఏ ఫైలు గావాలో సూసుకోండి బాబూ," అంది.

"ఈ ఫైళ్ళు కావమ్మా. కంప్యూటర్లో ఉండే ఫైళ్ళు."

"ఆ మాట బీరువా ఇరగ్గొట్టకముందు సెప్పొద్దా?"

"సెప్పినానమ్మా. రోకలి సప్పుడులో మీకు ఇనబడనేదు."

మాస్టారు నా కంప్యూటరు పాస్‌వర్డ్ అంటే ఏమిటో అమ్మకు విడమరిచి చెప్పి, తన నంబరిచ్చి, ఆఫీసుకు తిరిగి వెళ్ళారు. అమ్మ మా మేనమామకు ఫోను చేసింది.

అక్కడ సరిగ్గా తాళి కడుతున్నారు. గట్టిమేళం మోగుతోంది. మామయ్య ఫోను చెవికి పెట్టుకుని జనంలోంచి నా దగ్గరకు వచ్చి అరిచాడు.

"ఏటే రాజీ, కంపెనీకి తాళమేసి తాళంచెవి అట్టుకొచ్చినావంట?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు. ఒక పెద్దావిడ నా హ్యాండ్‌బ్యాగు వంక అనుమానంగా చూసింది. నాకు అప్పుడు సంగతి అర్థమైంది.

"తాళంచెవి కాదు మావయ్యా, పాస్‌వర్డ్. నా పాస్‌వర్డ్ ఎవులూ ముట్టుకోవొద్దు. అది కొట్టి తెరవమని చెప్పు," అన్నాను.

అవును, అదే నా పాస్‌వర్డ్. "ఎవులూ ముట్టుకోవొద్దు" అని ఇంగ్లీషు అక్షరాల్లో, మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే పెట్టుకున్నాను. రంధ్రాలు జరిగిన రోజు కోపంలో పెట్టుకున్నది.

మేళంలో మామయ్యకు వినబడిందంతా మధ్యలో ముక్క. ఆయన అదే అమ్మకు చెప్పాడు. అమ్మ మాస్టారికి చెప్పింది: "ఎవులూ ముట్టుకోవొద్దంతందండీ." మాస్టారు మిశ్రాజీకి హిందీలో చెప్పారు: "కోయీ మత్ ఛూనా, బోల్ రహీ హై."

మిశ్రాజీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారట. ఇన్నేళ్ళ సర్వీసులో తన పై ఆఫీసరుతో కూడా తను ఇలా మాట్లాడలేదని, రాజేశ్వరి తిరిగి రాగానే తనను కలవమని చెప్పమని, హిందీలో చాలా నెమ్మదిగా అన్నారట. ఆయన నెమ్మదిగా మాట్లాడితే ఆఫీసులో ఏసీ అక్కర్లేదు.

ఈ సంగతి మాస్టారు ద్వారా అమ్మకు చేరింది. అమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి మామయ్య ఫోను నా చేతికే ఇచ్చాడు.

"ఏటే నీ పొగరు? అంత పెద్దోళ్ళు బతిమాల్తంటే ముట్టుకోవొద్దంతావా?"

"అమ్మా, అదే పాస్‌వర్డ్."

"ఏది?"

"ఎవులూ ముట్టుకోవొద్దు."

"మళ్ళీ అదే మాట. ఉద్యోగం పోద్దే నీకు."

"అమ్మా, ఆ మాటే కొట్టాల. ఆ అక్షరాలే తాళంచెవి."

అమ్మ చివరికి, "మనుసులు పెట్టుకునే మాటేనా అది?" అంది.

అమ్మ ఈ సంగతి చేరవేశాక మాస్టారు నా కంప్యూటరు ముందు కూర్చుని, పుస్తకాల భాషలో "ఎవరూ ముట్టుకోవద్దు" అని కొట్టారు. తెరుచుకోలేదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఎన్ని దారులున్నాయో మీకు తెలుసు. ఆలోచించి "ఎవులూ" అని మార్చి కొట్టారు. అయినా తెరుచుకోలేదు. మూడోసారి తప్పితే కంప్యూటరు బిగుసుకుపోతుంది. దాన్ని విప్పే మనిషి కోల్‌కతా వెళ్ళి ఉన్నాడు. టైము మూడు కావొస్తోంది. మాస్టారు చేతులు వెనక్కి తీసుకుని మా ఇంటికి ఫోను చేశారు.

రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న నాన్న అప్పుడే లేచారు. రోకలి దెబ్బలకు లేవని మనిషి, "రెండుసార్లు తప్పిపోనాది" అన్న మాటకు లేచారు. ఫోనులో అవతలివాళ్ళు చెప్పిన అంకెను తిరిగి చెప్పి, అది సరే అన్నాకే రిజిస్టరులో ఎక్కించి సిగ్నలు ఇవ్వడం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఒక చెవి దగ్గర అమ్మ ఫోను పెట్టి నన్ను పట్టుకున్నారు, రెండో చెవి దగ్గర తన ఫోను పెట్టి మాస్టార్ని పట్టుకున్నారు.

"ఒకో అచ్చరం సెప్పు. కంగారు పడకు. మొదటిది?"

"ఇ."

"అలాక్కాదు. ఊరి పేరుతో సెప్పు."

"ఇ ఫర్ ఎటావా."

"ఎటావా," అని అటు చెప్పి, "ఎటావా, సరే" అని ఇటు చెప్పారు. "తరవాత?"

"విజయనగరం. తర్వాత ఉన్నావ్. తర్వాత లక్నో. తర్వాత ఒంగోలు. మళ్ళీ ఒంగోలు."

"ఒంగోలు రెండుసార్లా?"

"రెండుసార్లు నాన్నా."

"మాస్టారూ, ఒంగోలు రెండు. రాసుకున్నాక తిరిగి సెప్పండి. అప్పుడే ముందుకెల్దాం."

అలా మూరీ, టాటా, మళ్ళీ టాటా, ఖరగ్‌పూర్, దువ్వాడ మీదుగా నా పాస్‌వర్డ్ ఆఫీసుకు ప్రయాణం చేసింది. పెళ్ళిపందిట్లో నా చుట్టూ ఇరవై మంది మూగారు. ఒక తాతగారు నా భుజం తట్టి, "అమ్మా, ఇజయనగరం నుంచి లక్నో ఎల్లి మళ్ళా ఒంగోలొచ్చే బండి ఎప్పుడేసేరు? మాకు తెలవదే," అన్నారు.

చివరి అక్షరానికి మళ్ళీ ఉన్నావ్ చేరి, నాన్న మొత్తం ఒకసారి చదివించుకుని, "ఇప్పుడు కొట్టండి" అన్నారు. తర్వాత నాన్న చాలా మామూలుగా, "బండి ఎల్లిపోయింది. నువ్వు బోయినం సెయ్యి," అన్నారు.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని మా కంపెనీలో గట్టి నియమం. నాది ఆ పూట పలాస చుట్టుపక్కల అందరికీ నోటికొచ్చేసింది. తిరిగి వెళ్ళగానే మార్చేశాను.

సోమవారం మిఠాయి పొట్లం పట్టుకుని, రాజీనామా ఎలా రాయాలో దారంతా ఆలోచించుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను. మిశ్రాజీ పిలిచి ఒక డ్రాయింగు ముందు పెట్టారు. నేను మూడు వారాలు రెక్కల కింద దాచుకున్న గేర్‌బాక్స్ ప్లేటు. అందులో నేను గియ్యని ఒక కంత ఉంది.

"ఇదేమిటి సర్?"

"మాస్టార్‌జీ సే పూఛో," అని మాస్టారి వైపు చెయ్యి చూపారు.

మాస్టారు నా వైపు చూడకుండా, పెన్సిలు చెక్కుకుంటూ చెప్పారు.

"బేరింగుకి గ్రీజు ఎక్కణ్ణించి కొడతారమ్మా? గ్రీజు గన్ను పెట్టడానికి చోటు నేదు. నువ్వు అన్నీ బాగానే సేసినావు. ఆ ఒక్కటీ ఎవులికీ కనబడనివ్వలేదు. తెరవగానే సౌరవే సూసేడు. అరగంటలో సర్దీసేం. నాలుగుకి పది నిమిషాలుండగా పంపీసేం."

సౌరవ్ చూశాడట. రెండు మిల్లీమీటర్ల సౌరవ్. మూడు వారాలు నా పక్కనే కూర్చున్నాడు, ఒక్కసారి తెరవనిస్తే మొదటిరోజే చెప్పి ఉండేవాడు. నేను డ్రాయింగు కింది మూల చూశాను. డిజైన్ చేసినవారు అన్నచోట నా పేరు ఒక్కటే ఉంది. సరిచూసినవారు అన్నచోట చిన్న అక్షరాలతో మాస్టారి పొడి సంతకం. సౌరవ్ పేరు ఎక్కడా లేదు. నేను మిఠాయి పొట్లం మొత్తం తీసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టాను. అతను పొట్లం వంక, నా వంక చూసి, "ఇది నేను ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. హిందీలో కాదు, తెలుగులో. నా కోసం మాస్టారి దగ్గర ఆ ఒక్క వాక్యం నేర్చుకున్నాడట.

అప్పుడే అరవై మూడు భాగాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. నా పేరున ఏ ఫైలునూ సాయంత్రం దాటనివ్వను. ఊరికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, అది నా పెళ్ళే అయినా, ముందు అన్నీ చెకిన్ చేసి, తర్వాతే బట్టలు సర్దుకుంటాను.

మరుసటేడు నా పెళ్ళి బాగ్‌బేరాలోనే జరిగింది. తాళి కట్టగానే అందరూ అక్షింతలు వేశారు. మాస్టారు మాత్రం గుప్పెడు అక్షింతలు పట్టుకుని, చెయ్యి నా తల మీదకు ఎత్తి, అక్కడే ఆపారు.

"అన్నీ చెకిన్ చేసీసేవా అమ్మా?"

"నిన్ననే చేసీసేను మాస్టారూ."

అప్పుడు గుప్పిట విప్పారు.