తగలబడే ఊరికి మాటలు

ఒక డాక్యుమెంటరీ సిరీస్ తెలుగు డబ్బింగ్‌లో, నగరం తగలబడే ఘట్టంలో, పొగ వెనక నుంచి వినబడే ఆడ గొంతుల్లో ఒకటి నాది. రికార్డింగ్ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. నేనెవరికీ చెప్పలేదు. మా ఇంట్లో అందరూ కూర్చుని ఆ ఎపిసోడ్ చూస్తున్నప్పుడు కూడా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఊరుకున్నాను. నేను అంత గట్టిగా అరిచానంటే ఎలాగూ నమ్మరు.

అది 2023. కోడంబాక్కంలో, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, ఒక మేడ మీద చిన్న డబ్బింగ్ స్టూడియో. మాధవరం నుంచి బస్సులో వెళ్లేదాన్ని. విదేశీ సిరీస్‌లకి తెలుగు డైలాగులు రాయడం నా పని. రాసిన మాట తెర మీది మనిషి పెదవుల కదలికకి సరిపోవాలి. దాన్నే లిప్ సింక్ అంటారు. తెలుగువాళ్లమే అయినా మా ఇంట్లో నా ఈడు వాళ్లందరం తమిళంలోనే మాట్లాడుకుంటాం. తెలుగు చదవడం, రాయడం పుస్తకాల మీద ఇష్టంతో నాకు నేనే పట్టుకున్నాను. అందుకే ఈ పని దొరికిన రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: నా తెలుగుకి జీతం ఇస్తారట. అయితే ఆ సిరీస్ పూర్తయ్యాక నన్ను ఉంచుకోవాలా వద్దా అన్నది డబ్బింగ్ డైరెక్టర్ రంగనాథం గారి చేతిలో ఉంది.

సిరీస్ ప్రాచీన విజేతల గురించి. ఆ ఎపిసోడ్ అలెగ్జాండర్‌ది. తీబ్స్ అనే నగరం అతని మీద తిరగబడుతుంది. అతను దాన్ని నేలమట్టం చేస్తాడు. ప్రాణాలతో మిగిలినవాళ్లని బానిసలుగా అమ్మేస్తారు.

మాకు వచ్చే సరుకులో అసలు గొంతులు ఉండవు. సంగీతం, చప్పుళ్లు మాత్రమే మిగిల్చి పంపుతారు. ఎం అండ్ ఈ ట్రాక్ అంటాం దాన్ని. ఈసారి జనం కేకలు కూడా అందులో లేవు. అలాంటప్పుడు క్రౌడ్‌ని పిలుస్తారు. అంటే నలుగురైదుగురు ఆర్టిస్టులు ఒకే మైకు చుట్టూ నిలబడి పెద్ద గుంపులా వినిపిస్తారు. స్క్రిప్టులో ఆ చోట ‘జనం – కేకలు’ అని మాత్రమే ఉంటుంది. దగ్గర నుంచి ఒకసారి, వెనక్కి జరిగి ఒకసారి అయ్యో, అమ్మో అంటే పని అయిపోతుంది.

నేను ఆ ఘట్టాన్ని శబ్దం లేకుండా మళ్లీ మళ్లీ చూశాను. ఆ ఆడవాళ్లు ఊరికే అరవడం లేదు, ఏదో అంటున్నారు. ఒకామె తలుపు వేసి లోపలివాళ్లకి ఏదో చెబుతోంది. ఇంకొకామె ఒక సైనికుడి మొహంలోకి చూసి ఏదో అడుగుతోంది. ఏమన్నారో నాకు తెలిసే దారి లేదు. పెదవులు ఉన్నాయి కాబట్టి రాశాను. ‘తలుపు తియ్యొద్దు.’ ‘పిల్లకి నీళ్లు, నీళ్లు.’ ‘నా చెయ్యి వదలకు.’ సైనికుడిని అడిగే ఆమెకి, ‘మీకు ఇళ్లు లేవా నాయనా?’

రికార్డింగ్ రోజు రంగనాథం గారు కాగితం చూసి కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

“ఇదేందమ్మా, క్రౌడ్‌కి డైలాగులా? ఈడేమన్నా డ్రామా ఏస్తా ఉండామా?”

“పెదాలు కదుల్తున్నాయి సార్.”

క్రౌడ్‌కి వచ్చిన సరోజక్క నవ్వింది. “నాకు పెండ్లి కాకముందు నించీ ఈ మైకు ముందర ‘అయ్యో అమ్మో’ అంటానే ఉండా సార్. ఈ పొద్దన్నా ఇంకో మాట అననీండి.”

“నువ్వుండు సరోజా.” ఆయన నా వైపు తిరిగారు. “పైన వాయిస్ ఓవర్ ఏమంటా ఉంది? జగజ్జేత ప్రస్థానం ఈడే మొదలైంది అంటా ఉంది. దాని కిందే ఈయమ్మ మీకు ఇండ్లు లేవా అని అడిగితే, ఆయప్ప హీరోనా విలనా? క్లయింట్ నన్ను గదా తిట్టేది.”

నేను తల వంచుకున్నాను. ఆయన గొంతు తగ్గించారు.

“రెండువేల ఏండ్లు దాటిపోయిన మనిషమ్మా. ఆ కాలంలో అందురూ అంతే. ఇప్పటి కొలతతో కొలిస్తే ఒక్క రాజన్నా మిగలతాడా? చెప్పు సూద్దాం.”

ఆ మాటలో న్యాయం ఉంది. అలెగ్జాండర్ గురించి చదువుతూ నేనే చాలాసార్లు అలా అనుకున్నాను. అతని తెగువ అంటే నాకిష్టం కూడా. కానీ తెర మీద, సైనికుడిని అడిగే ఆమె మొహం అలాగే నిలిచి ఉంది, నోరు సగం తెరిచి. కాగితం తీసేసుకుని ఇంటికి పొమ్మంటారేమో. అయినా అనేశాను.

“ఇప్పటి కొలత కాదు సార్. ఈవిడ కూడా ఆ కాలం మనిషే కదా?”

రంగనాథం గారు తెర వైపు తిరిగారు.

“సరి. ఒక్క టేక్ పోదాం. బాగలేకుంటే ఎత్తేస్తా.”

ఒక ఆర్టిస్టు రాలేదు. సరోజక్క నా మణికట్టు పట్టుకుని మైకు ఉండే బూత్‌లోకి లాక్కుపోయింది. “రా పాపా, రాసినదానివి నువ్వే గదా. ఆ తలుపు మాట నీది.”

అన్నాను. స్పీకర్‌లో రంగనాథం గారి గొంతు: “ఆ తలుపు ఎవురమ్మా? వచ్చినోళ్లకి నువ్వే తీసి కాఫీ ఇచ్చేటట్టుండావే! గట్టిగా!”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండోసారి అరిచాను. బడిలో, బస్సులో, ఇంట్లో ఎక్కడా అంత గొంతు పెట్టి ఎరగను. నా వెనకే సరోజక్క అరవలేదు, అడిగింది. పక్కింటి కుర్రాడిని అడిగినట్టు, ‘మీకు ఇళ్లు లేవా నాయనా?’ అని.

వాయిస్ ఓవర్‌తో కలిపి ప్లే చేశారు. రంగనాథం గారు ఇంకోసారి వేయమన్నారు. ఆ తర్వాత సౌండ్ ఇంజనీర్ చెయ్యి పక్కకి తోసి, సంగీతం ఫేడర్‌ని తనే కొంచెం కిందికి దించారు. ఫేడర్ అంటే శబ్దం పెంచే, తగ్గించే మీట. ‘జగజ్జేత’ అన్న మాట అలాగే ఉంది. దాని కింద ఆ ప్రశ్న కూడా స్పష్టంగా ఉంది.

క్లయింట్ ఒక్క మార్పూ అడగలేదు. నా ఉద్యోగం నిలిచింది. అంతకంటే నాకు గర్వంగా ఉండేది వేరే. పొగడ్తలో ఒక్క అక్షరం తీయలేదు, తిట్టు ఒక్కటీ చేర్చలేదు. ఆనాటి గెలిచినవాళ్ల పక్కనే ఆనాటి ఓడినవాళ్లని కూడా మాట్లాడనిచ్చాను. పాతకాలపు మనిషిని తూచడానికి మన కాలం తక్కెడే కావాలని లేదనీ, ఆ కాలంలోనే వెతికితే దొరుకుతుందనీ నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను.

సాయంత్రం బ్యాగు తగిలించుకుని మెట్ల దాకా వెళ్లాను. రంగనాథం గారు వెనక నుంచి పిలిచారు.

“రేపు మొగోళ్ల క్రౌడ్ ఉండాది. ఆ సోల్జర్లకి కూడా మాటలు రాసుకోని రామ్మా. వాళ్లు మాత్రం ఏమీ అనుకోకుండానే తగలబెట్టింటారా?”