ఆరింటి తాళం

జంషెడ్‌పూర్‌లో నేను చదివిన ప్రభుత్వ కాలేజీ లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉండేది. మా ఆడపిల్లల హాస్టల్ గేటుకు మాత్రం సాయంత్రం ఆరింటికే తాళం పడేది. మగపిల్లల హాస్టల్‌కి ఆ బెడదే లేదు. ఆఖరి ఏడాదిలో నేనూ, నా రూమ్మేటూ కలిసి ఆ నిబంధన మీద రాంచీ హైకోర్టులో రిట్ వేశాం.

అదే ఊళ్లో బాగ్‌బేరాలో ఉండే మా మేనత్తే నాకు లోకల్ గార్డియన్. సంగతి చెప్పగానే పొయ్యి కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏటే, పుస్తకాల కోసం హైకోర్టుకెల్తావా? రాజ్యాంగంలో లైబ్రరీ అని రాసుందేటి?"

"లేదత్తా. స్వేచ్ఛ అని ఉంది. అందులో లైబ్రరీ కూడా ఉందో లేదో జడ్జిగారు చెప్తారు."

"రాయనిది ఎలాగ సదువుతారే?" అంది. అన్న మనిషే, విచారణ రోజు మాకంటే ముందు తయారై పులిహోర డబ్బాతో రాంచీ బస్సెక్కింది.

కాలేజీ లాయరు, ఇదంతా అమ్మాయిల భద్రత కోసమేనన్నాడు. మరి అబ్బాయిలకెందుకు లేదని జడ్జిగారు అడిగారు. లాయరు తడబడి, "కావాలంటే వాళ్లకీ ఆరింటికే తాళం వేస్తాం" అనేశాడు.

మేం బయటికొచ్చి టీ తాగేలోపే ఆ కబురు మగపిల్లల హాస్టల్‌కి చేరిపోయింది. అన్నాళ్లూ మమ్మల్ని చూసి వెక్కిరించిన వాళ్లంతా "ప్లీజ్, కేస్ జీత్‌కే ఆనా!" అని, కేసు గెలిచే రమ్మని మెసేజీలు మొదలెట్టారు. మేమిద్దరం కోర్టు మెట్ల మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాం.

తీర్పు రోజున జడ్జిగారి ఇంగ్లీషును అత్త చెవిలో తెలుగు చేస్తూ కూర్చున్నాను. రెండు తలుపులూ మూసేస్తే సమానత్వం రాదన్నారు. స్వేచ్ఛంటే జైల్లో లేకపోవడమొక్కటే కాదు, చదువుకోవడానికి నడిచి వెళ్లడం కూడా అందులోదేనన్నారు. భద్రత కావాలంటే దారిలో దీపాలు పెట్టమని చెప్పి, నిబంధన కొట్టేశారు.

"అదేదో ముందే రాసేత్తే పోయేది కదే!" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు ఆరు దాటాక హాస్టల్ హాస్టలంతా లైబ్రరీ మీద పడింది. కుర్చీలు చాల్లేదు. ఒక్కరూ ఒక్క పేజీ చదివితే ఒట్టు. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో అందుకున్నారు, ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. పావుగంటలో లైబ్రేరియన్ అందర్నీ బయటికి గెంటేశారు. నవ్వుకుంటూనే గోల్‌గప్పాలు, అదే పానీపూరీలు, తినడానికి సాక్చి బజారుకి ఆటోలెక్కాం.