అడగని పేరు

బుద్వేల్ నుంచి ఎయిర్‌పోర్టుకు క్యాబ్‌లో వెళ్తున్నాను. నా ఒడిలో బైబిలు చూసి డ్రైవరు, "నా బిడ్డ దవాఖానల ఉన్నది. జర మీ దేవునికి చెప్పరాదక్కా" అన్నాడు.

నేను ప్రార్థన చేయలేదు. స్టీరింగు పక్కనున్న మైసమ్మ బొమ్మను చూపించి, "ముందు దాన్ని తీసేయండి, అప్పుడు ప్రభువు వింటాడు" అన్నాను. అంతటితో ఆగానా! హిమాయత్ సాగర్ దాటినా వాక్యం చెబుతూనే ఉన్నాను.

శంషాబాద్‌లో నా పెట్టె దించి, "నీ పేరేందక్కా? మంగళారం మైసమ్మకు మొక్కేటప్పుడు చెప్త. మంచిగ పోయి రావాలె" అన్నాడు.

చెప్పాను.

పాప పేరు మాత్రం నేను అడగలేదు. ఇప్పటికీ ప్రార్థనలో "ఆ డ్రైవరు బిడ్డ" అనే అంటాను.