లాగి చూడని తీగ

యూపీఎస్‌లకు కంట్రోల్ వైరింగ్ చేసే అతన్ని తోటివాళ్ళు అనుమానం మేస్త్రి అంటారు. స్క్రూ బిగించాక ప్రతి తీగనూ రెండుసార్లు లాగి చూస్తాడు. ఊడి రాకపోతేనే స్క్రూ మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెడతాడు. అతని చుక్క ఉన్న స్క్రూని ఇరవై ఏళ్ళుగా ఎవరూ మళ్ళీ చూడలేదు.

అతన్ని పెంచింది అక్క. ఆ ఉదయం ఆమెను గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ పక్కనే నడిచాడు.

"లోపల కరెంటు నీ చేతి పనేగా?" అంది అక్క.

"అవునక్కా. ఇక్కడి యూపీఎస్ కిందటి వారమే బిగించా."

"మరి మొహం అలా పెట్టావేం? కోసేది నిన్నా, నన్నా?"

తలుపులు మూసుకున్నాయి. బెంచీ మీద కూర్చున్నాడో లేదో, మళ్ళీ లేచి నిలబడ్డాడు. కిందటి వారం, చివరి వరస. భోజనానికి ఆలస్యమవుతోందని ముందు చుక్కలన్నీ పెట్టేసి, తర్వాత ఒక్కొక్క తీగే లాగుతూ వచ్చాడు. ఆఖరి దాని దగ్గర ఫోన్ మోగింది. "తేదీ ఇచ్చార్రా," అంది అక్క. ఆ తర్వాత ఆ తీగను లాగాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

అది మంటలు లేస్తే మిషన్‌ను ఆపే అత్యవసర బటన్ తీగ. ఊడిందంటే బటన్ నొక్కినట్టే. బ్యాటరీలు నిండుగా ఉన్నా యూపీఎస్ ఆగిపోతుంది. పైన లైట్లూ, అక్క గుండె బదులు ఆడే యంత్రమూ ఆగిపోతాయి.

ఒక్క ఉదుటున మెట్లు దిగి యూపీఎస్ గదికి వెళ్ళాడు. అక్కడున్న ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ సంగతి విని టార్చి వేసి చూశాడు.

"చుక్క ఉందిగా మేస్త్రీ. నీ చుక్కను నువ్వే నమ్మవా?"

"లాగి చూడాలి."

"ఊడొస్తే?"

మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లాగకపోతే మిషన్ అదురుకు ఏ క్షణాన్నైనా జారొచ్చు. లాగితే ఈ క్షణమే జారొచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జేబులోంచి రెండు చివరలా క్లిప్పులున్న చిన్న తీగ తీశాడు. పక్కపక్కనున్న రెండు బటన్ స్క్రూలను దానితో కలిపితే, అసలు తీగ ఊడినా మిషన్ ఆగదు. కానీ కలిపేటప్పుడు చెయ్యి అసలు తీగకు తగలకూడదు. చెయ్యేమో గజగజ వణుకుతోంది.

"నా మణికట్టు పట్టుకో."

"మా ఆవిడ చెయ్యి కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు మేస్త్రీ," అన్నాడు ఎలక్ట్రీషియన్.

మొదటి క్లిప్పు పట్టింది. రెండోది స్క్రూ మీద జారి, మళ్ళీ పట్టింది. అప్పుడు తీగను మెల్లగా లాగాడు. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు చేతిలోకి వచ్చేసింది.

మిషన్ రొద ఆగలేదు.

గోటితో పాత చుక్క గోకేశాడు. తీగ బిగించాడు. రెండుసార్లు లాగాడు.

"ఇక క్లిప్పులు తీసెయ్. అవి ఉంటే బటన్ పనిచెయ్యదు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"అక్క బయటికొచ్చాకే. ఈలోగా మంట లేస్తే మిషన్ స్విచ్ నేనే దించుతా," అని మిషన్ ముందు నేల మీద చతికిలబడ్డాడు. మధ్యాహ్నం పైనుంచి కబురొచ్చేదాకా కదల్లేదు.

మర్నాడు అక్క అతని చెయ్యి పట్టుకుని, గోటి సందులో ఎరుపు చూసింది.

"ఇదేంట్రా, గోళ్ళరంగు నీకెందుకు?"

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తొందరలో ముందు చుక్కలు పెట్టేయడం అదే మొదటిసారి కాదు. ఈ ఇరవై ఏళ్ళలో, ఎన్ని గదుల్లో, ఆఖరి తీగ దగ్గర ఫోన్ మోగిందో గుర్తు చేసుకుంటున్నాడు.